ప్రభువుగారి శుక్రవారాలు

ఇందులో రోత పుట్టించే ప్రతి పనికీ మొదలు నేనే అని ముందే ఒప్పుకుంటే, తరవాత మిగతావాళ్ళను తిట్టడానికి కాస్త చనువుంటుంది. కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఎవరూ అడక్కుండానే నాకు తెలిసింది చెప్పెయ్యడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. తెలిసింది తక్కువ కాబట్టి ఇన్నాళ్ళూ పెద్ద ప్రమాదాలేమీ జరగలేదు. ఈసారి జరిగింది.

మస్కట్‌లో, ఖురంలో మా ఆఫీసు. సముద్రం మీద తిరిగే సరుకు ఓడలకు కాపలా మనుషుల్ని పంపడం మా కంపెనీ వ్యాపారం. ఆ మనుషుల పాస్‌పోర్టులు, వీసాలు, మెడికల్ కాగితాలు చూసుకోవడం నా పని. అంటే ఓడలకు వాళ్ళు కాపలా, వాళ్ళ కాగితాలకు నేను కాపలా. నా దగ్గర తుపాకీ ఉండదు, నా నెత్తిన మేనేజరు ఉంటాడు.

ఆ కంపెనీకి సలహాదారుగా టోంగా నుంచి ఒక ప్రభువు వచ్చాడు. టోంగా అంటే పసిఫిక్ సముద్రంలో చుక్కలు చుక్కలుగా ఉండే దీవుల రాజ్యం. అక్కడ ఇప్పటికీ రాజుగారున్నారు, ఆయన కింద వంశపారంపర్యంగా బిరుదులున్న ప్రభువులున్నారు, ఒక్కొక్క ప్రభువుకీ సొంత ఊళ్ళున్నాయి. ఈయన ఆ ప్రభువుల్లో ఒకడు. పెరిగి సైనికుడయ్యాడు, సైన్యం వదిలి రాజకీయాల్లో చేరాడు, మంత్రి అయ్యాడు, మంత్రి పదవి పోయాక మా ఓడలకు సలహాలివ్వడానికి వచ్చాడు. మనిషి తలుపంత ఉంటాడు. నెమ్మదిగా మాట్లాడతాడు, ఇంకా నెమ్మదిగా తింటాడు.

మా మేనేజరు మనవాడే, కృష్ణా జిల్లా. తెలుగు సంఘం వేడుకలో ఫొటో తీసేటప్పుడు ముఖ్య అతిథి ఎటు తిరుగుతాడో ముందే లెక్కగట్టి అటు నిలబడే మనిషి. ఆయనకి తన కంపెనీలో ఒక ప్రభువు దొరికాడు. ఊరుకుంటాడా?

"ఏమయ్యా రచయితా," అన్నాడు ఒకరోజు నన్ను కేబిన్‌లోకి పిలిచి. సంఘం సావనీర్‌లో, వంటనూనె ప్రకటనకీ ట్రావెల్స్ ప్రకటనకీ మధ్య నా హాస్యవ్యాసం ఏటా ఒకటి పడుతుంది. ఆ పాపానికి ఆయన నన్ను అలా పిలుస్తాడు. "ప్రభువుగారి జీవితం మొత్తం ఓ చిన్న పుస్తకంగా రాసిపెట్టు. క్లయింట్లకి ఇద్దాం. మన దగ్గర ఎలాంటి మనిషి ఉన్నాడో వాళ్ళకి తెలియొద్దూ?"

నేను ఉబ్బిపోయాను. రెండు రోజులు ఆఫీసు పని మానేసి ఆఫీసు కంప్యూటర్లోనే టోంగా గురించి చదివాను. మూడో రోజు, ఎవరూ అడక్కుండా, కేబిన్‌లోకి వెళ్ళి కక్కేశాను.

"సార్, వాళ్ళ దేశంలో భలే ఆచారం ఉంది. పంటలో మొదటి దుంప, వలలో పడ్డ పెద్ద చేప జనం ముందుగా ప్రభువు ఎదట పెడతారట. ఆయన ముట్టుకున్నాకే తక్కినవాళ్ళట."

మేనేజరు కుర్చీ ముందుకు జరిగింది. "ఎప్పుడెప్పుడు పెడతారు?"

"పంటలకీ, పండగలకీ."

"మనకి ఇక్కడ పంటలెక్కడివయ్యా, ఇసక తప్ప? శుక్రవారం పెడదాం."

అలా నా నోరు జారింది. జారింది నా నోరే అయినా, పోయింది ఇంకొకరి శుక్రవారం.

ప్రభువు ఉండే కంపెనీ విల్లాలో వంటావిడ కడప జిల్లా మనిషి. ఆరేళ్ళుగా ఆ వంటింట్లోనే ఉంది. వారంలో ఆమెకున్న సెలవు శుక్రవారం పొద్దున మాత్రమే. ఆ పూట బస్సెక్కి రూవి వెళ్ళేది. అక్కడ చర్చి కాంపౌండ్‌లో తెలుగు ఆరాధన జరుగుతుంది. ఆమె చెల్లెలు కూడా రూవి పక్కన ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఆ ఇంటి మేడమ్ ఆ పిల్లని బయటికి వదిలేది ఆ మూడు గంటలే. ఆరాధన అయ్యాక అక్కాచెల్లెళ్ళు మెట్ల మీద కూర్చుని ఒకరి తల ఒకరు దువ్వుకుని జడలేసుకునేవాళ్ళు. నేను కూరగాయలకి రూవి వెళ్ళినప్పుడు ఒకటి రెండుసార్లు చూశాను.

మేనేజరు ఆర్డరు వచ్చింది. రూవిలో ఉన్న మన కంపెనీవాళ్ళ బ్యాచిలర్ రూముల్లో ఒక్కో రూమ్ ఒక్కో గిన్నె వండి తేవాలి. విల్లా వంటావిడ మాంసం, అన్నం అందరికీ చెయ్యాలి, ఉండి వడ్డించాలి. సెలవు కాస్తా కొలువైపోయింది.

మొదటి శుక్రవారం నేను వంటింట్లోకి వెళ్ళేసరికి ఆమె కోళ్ళు కడుగుతోంది.

"అన్నా, ఒక మాట అడుగుతా. ఆ దొర వాళ్ళూర్లో గూడా వారం వారం ఇట్లనే తింటాడా?"

"లేదమ్మా. పంటలకీ, పండగలకీ."

"మరి ఈడ వారం వారం ఎవురు పంట పండిస్తాండారు? నా ప్రభువు కాడికి పోనీకుండా ఈ ప్రభువుకు కోళ్ళు కొయ్యమంటాండారు. ఏ ప్రభువుకు కోపమొస్తాదో తెలీక చస్తాండా." కత్తి పక్కన పెట్టి చెయ్యి తుడుచుకుంది. "ఈ మాట మేనేజరు సార్ చెవిలో ఎవురేసినారో గానీ, వాని నోట్లో పురుగులు పడ!"

నేను నోరు మూసుకున్నాను. పురుగులు పడకుండా జాగ్రత్తగా మూసుకున్నాను.

ఆ విందు ఇలా జరిగింది. పొడుగు బల్ల మీద గిన్నెలు. ఒక రూమ్‌వాళ్ళ గోంగూర మాంసం, ఇంకో రూమ్‌వాళ్ళ వంజరం పులుసు, మా డ్రైవర్ భాయ్ హైదరాబాద్ బిర్యానీ. వండినవాళ్ళంతా గోడవారగా నిలబడ్డారు. మేనేజరు చేతులు జోడించి, ఇది మా భారతీయ సంప్రదాయం సర్ అని ఇంగ్లీషులో ఉపన్యాసం ఇచ్చాడు. ప్రభువు తల వంచి విన్నాడు. ప్రతి గిన్నెలోంచీ ఒక చెంచా తీసుకుని, కళ్ళు మూసుకుని, నమిలాడు. తొందరేం లేదు. అన్నం మీద ఆవిరి ఆరిపోయింది, పులుసు మీద నూనె పేరుకుంది. గోడవారగా ఉన్నవాళ్ళు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నారు.

తరవాత మేనేజరు కూర్చున్నాడు. మూలుగ బొక్కని నోట్లో పెట్టి పీల్చిన చప్పుడు హాలంతా వినబడింది. పీల్చిన బొక్కని తన పళ్ళెంలో కాదు, గోంగూర గిన్నె అంచున పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. మూతి తుడుచుకున్న టిష్యూ కాగితాన్ని కూడా అక్కడే నొక్కాడు. మిగిలినవాళ్ళు ఇంకా అందులోంచే తినాలి. ఆ తరవాత సంచీలోంచి ప్లాస్టిక్ డబ్బాలు తీసి, మంచి ముక్కలన్నీ ఏరి ఇంటికి సర్దుకున్నాడు.

"ప్రభువు ఎంగిలంటే ప్రసాదంతో సమానమయ్యా," అన్నాడు నన్ను చూసి.

వండినామె మధ్యాహ్నం మూడింటికి గిన్నె అడుగు గీరుకుని తింది. నేను? ఇంత అసహ్యించుకున్నవాణ్ణి తినకుండా ఉన్నానని మీరు అనుకుంటారేమో. తిన్నాను. టిష్యూని పక్కకి నెట్టి, రెండుసార్లు వడ్డించుకున్నాను. గోంగూర బాగా కుదిరింది.

వారంలో రెండు మధ్యాహ్నాలు ప్రభువు జీవితం రాసుకోవడానికి వెళ్ళేవాణ్ణి. ఆయన వరండాలో కూర్చుని సముద్రం వైపు చూస్తూ చెప్పేవాడు. వాళ్ళ భాషలో రాజుకి వేరే మాటలు, ప్రభువులకి వేరే మాటలు, జనానికి వేరే మాటలట. బిరుదు తండ్రి నుంచి ఈయనకి వచ్చిన రోజున, నిన్నటిదాకా కలిసి ఈత కొట్టిన స్నేహితుడు ఎదురుపడి, "తిన్నావా?" అని అడగాల్సినవాడు పెద్దవాళ్ళకి వాడే మాటతో అడిగాడట. "ఆ రోజుతో నాకు స్నేహితులు లేకుండా పోయారు," అన్నాడు. నాకు మన మాటలూ గుర్తొచ్చాయి. దేవుడు ఆరగిస్తాడు, పెద్దలు భోంచేస్తారు, మనం తింటాం, మేనేజరు మెక్కుతాడు. టోంగా మరీ అంత దూరమేం కాదు.

సైన్యంలో చేరాక చలిదేశంలో శిక్షణకి పంపారు. అక్కడ ఈయన ప్రభువని ఎవరికీ తెలియదు. ఒక హవల్దారు రోజూ పేరు పెట్టి, ఆ పేరు కూడా తప్పుగా పెట్టి తిట్టేవాడు. మరుగుదొడ్లు కడిగించాడు. "నా జీవితంలో మంచి రోజులంటే అవే," అన్నాడు ప్రభువు. తరవాత ఒక ఎడారి దేశంలో ఇసక మూటల వెనక నెలల తరబడి కాపలా కాశాడు. ఇంటికి తిరిగొచ్చాక పార్లమెంటు. అక్కడ ప్రభువులు తమలో తామే ఓట్లేసుకుని కొందరిని పంపుతారు. "ప్రచారం ఉండదా?" అంటే, "ఉంటుంది. అందరం బంధువులం కదా, విందుల్లో చేస్తాం," అన్నాడు. మంత్రి అయ్యాడు. ప్రభుత్వం పడిపోయిన సంగతి ఆయనకి రేడియోలో తెలిసిందట.

ఇంతవరకూ నాకాయన మీద ఇష్టంగానే ఉంది. తరవాత ఒక తుపాను గురించి చెప్పాడు. ఆయన ఊళ్ళో కప్పులు లేచిపోయాయి. తోటలు పోయాయి. మిగిలిన దుంపలు తవ్వి, జనం తడిబట్టలతోనే తెచ్చి ఈయన గుమ్మం ముందు పేర్చారు.

"తీసుకున్నారా?" అన్నాను.

"తీసుకోకపోతే వాళ్ళని అవమానించినట్టు."

"మళ్ళీ పంచిపెట్టారా?"

"కొంత," అన్నాడు.

ఆ ఒక్క మాట నా కాగితం మీద రాసుకున్నాను. మేనేజరు చూసి ఎర్ర సిరాతో కొట్టేసి, పైన "ప్రజలకు సర్వస్వం పంచిపెట్టిరి" అని రాశాడు. పుస్తకం ఇంగ్లీషులో అచ్చవుతున్నా ఆయన తప్పులు మాత్రం తెలుగులోనే దిద్దుతాడు.

మూడు శుక్రవారాలు పోయాయి. ఒక మధ్యాహ్నం వంటావిడ టీ ఇస్తూ అంది, "మా చెల్లి మేడమోళ్ళు సలాలా మారిపోతాండారంటన్నా. సామాన్లు కడతాండారు. సలాలా అంటే బస్సులో దినమంతా పడతాదంట కదా?"

"అవునమ్మా."

"ఇంక రెండు శుక్రవారాలే ఉండాయి."

ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదా అన్నాను. ఇలాంటి సలహాలు నాకు భలే తడతాయి.

"మాట్లాడతాండా. మొగం గూడా కనపడతాది. దాని తల దువ్వేదానికి కాదు గదన్నా."

ఇక దాచలేక చెప్పేశాను. "అమ్మా, ఆ రోజు నువ్వు తిట్టిన తిట్టు సరైన చోటికే చేరింది. ఆ ఆచారం సంగతి మేనేజరుకి చెప్పింది నేనే."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కోప్పడుతుందనుకున్నాను. నిట్టూర్చింది, అదింకా ఘోరం. "చదువుకున్నోళ్ళతో ఇదేన్నా. తెలుసుకునేది మీరు, వండేది మేము."

ఆ వారమే ధైర్యం చేసి మేనేజరుని అడిగాను. "సార్, ఈ ఒక్క శుక్రవారం ఆమెని వదిలితే..."

"వదిలితే వండి వడ్డించేదెవరయ్యా? నువ్వా?"

అవును, నేనే అని ఉంటే అయిపోయేది. నేను నవ్వాను. పళ్ళన్నీ కనబడేలా, పనికిమాలిన నవ్వు నవ్వి బయటికొచ్చాను. నా కాంట్రాక్టు రెన్యూవల్ కాగితం అప్పటికి ఆయన బల్ల మీద ఉంది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు మేనేజరు మూలుగ బొక్కే నయమనిపిస్తుంది.

ప్రభువుని కూడా అడిగి చూశాను, చుట్టూ తిప్పి. శుక్రవారం విందు ఆయనకి శ్రమగా లేదు కదా అని. "శ్రమే," అన్నాడు. "కానీ మీ దేశంలో ఇది సంప్రదాయమని మీ మేనేజరు చెప్పాడు. మీ సంప్రదాయాన్ని కాదనడానికి నేనెవర్ని?" ఇది మా సంప్రదాయం కాదు, మీదే అనుకుని చేస్తున్నాం అన్న ఒక్క వాక్యం మింగేసి కలం మూత పెట్టాను. అది మేనేజరుని అబద్ధాలకోరు అనడం. కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. ప్రభువు సలహాదారు, నేను సలహాపీడితుణ్ణి. ఆ శుక్రవారం కూడా పోయింది. మిగిలింది ఒక్కటి.

రెన్యూవల్ కాగితం మీద సోమవారం పొద్దున సంతకం పడింది. నా ధైర్యం ఎప్పుడూ ఇలా కాగితాలు పూర్తయ్యాకే వస్తుంది. ఆ మధ్యాహ్నం వరండాలో ప్రభువు మొదటిసారి పార్లమెంటుకి వెళ్ళిన రోజు గురించి చెప్పాడు. కోటు వేసుకుని, నడుముకి తాతగారి చాప చుట్టుకుని, తాడుతో కట్టుకుని వెళ్ళాడట.

"చాపా?" అన్నాను.

"చాప. పెద్దల ముందుకి వెళ్ళేటప్పుడు నడుముకి చాప కట్టుకోవడం మా మర్యాద. ఎంత పాతదైతే అంత గౌరవం. మీ దగ్గర చిరిగిన గుడ్డ పేదరికం. మా దగ్గర చిరిగిన చాప వంశం." కాస్త మొహమాటంగా అన్నాడు, "మీ మేనేజరు ప్రతి వారం ఉట్టి నడుముతో నా ముందుకొస్తున్నాడు. పరాయి దేశంవాడు కదా అని ఊరుకున్నాను."

నా కలం ఆగింది. "ఆ విందులకి వంట ఎవరు చేస్తారండీ? ఆడవాళ్ళేనా?"

"ఛ! పెద్ద విందుకి నేలలో గొయ్యి తవ్వి, రాళ్ళు కాల్చి, మాంసం ఆకుల్లో చుట్టి పెడతారు. అది మగవాళ్ళ పని."

ఆయనకి దణ్ణం పెట్టి నేరుగా కేబిన్‌లోకి వెళ్ళాను. ఈసారి కూడా ఎవరూ అడగలేదు. విన్నది విన్నట్టు, ఒక్క అబద్ధం కలపకుండా చెప్పాను. చాప కింద నీరు అంటారు గానీ, నాకు చాపే చాలు.

మేనేజరు మొహం పాలిపోయింది. "అంటే ఇన్నాళ్ళూ నేను ఆయన్ని అవమానించానా?"

"పెద్దమనసుతో ఊరుకున్నారు సార్."

"ఈ శుక్రవారమే కదయ్యా పుస్తకం అట్ట మీదికి ఫొటో తీసేది, ఆయనకి నేను పళ్ళెం అందిస్తున్నట్టు!"

"అందుకే చెప్తున్నాను సార్. వాళ్ళ దేశంవాళ్ళెవరైనా ఆ ఫొటో చూస్తే..."

"చాప తెప్పించు!"

"రూవిలో ప్లాస్టిక్ చాపలు బోలెడు సార్. కానీ కొత్తది మర్యాద కాదట."

గురువారం డ్రైవర్ భాయ్ సూర్‌లో మా హార్బర్ ఆఫీసుకి కాగితాలిచ్చి వస్తూ చాప తెచ్చాడు. కారు దిగి దూరంగా నిలబడి చెప్పాడు. "భాయ్, పాతది అంటే గట్ల గిట్ల పాతది కాదు. మా నానా కంటె పెద్దది. దీని మీద కవళ్ళ చేపలు ఎండబెడ్తరు. చేపలాయన ఫ్రీల ఇచ్చిండు. 'లే జావ్, గానీ గాడీ అద్దాలు తెర్చే పెట్టు' అన్నడు." ఖర్జూరపాకు చాప. అంచులు పీచులు పీచులుగా ఊడి, పొలుసులంటుకుని మెరుస్తోంది. అంత వంశం నేనెప్పుడూ చూడలేదు.

శుక్రవారం పొద్దున్నే వంటావిడ ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచిలో దువ్వెన, కొబ్బరినూనె సీసా పెట్టుకుని వంటింటి గడప దాటింది. పెరట్లో భాయ్ పార పట్టుకుని ఉన్నాడు. ఒమానీ ఇళ్ళలో పండక్కి గొయ్యిలో మాంసం కాల్చే షువా చాలాసార్లు చూసినవాడు కాబట్టి గొయ్యి బాధ్యత అతనిది. పెద్ద విందు వంట మగవాళ్ళ పని అని విన్నాక ఆమెని వదిలేసి, మంట బాధ్యత మేనేజరే తీసుకున్నాడు.

"గొయ్యి బాగా లోతుగా తవ్వమని చెప్పన్నా," అంది ఆమె మేనేజరు వైపు చూస్తూ, మెల్లిగా. బస్సు కోసం గబగబా వెళ్ళిపోయింది.

మస్కట్ ఎండ తొమ్మిదింటికే నెత్తి మీద కూర్చుంది. మేనేజరు ఇస్త్రీ ప్యాంటు, తెల్ల చొక్కా, వాటి మీద నడుం చుట్టూ కవళ్ళ చాప, దాని మీద నైలాన్ తాడు. వంగి రాళ్ళు తిప్పిన ప్రతిసారీ చాప పైకి లేచి ఆయన ముక్కుకి తగులుతోంది. చెమటకి తడిసి వాసన మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఈగలు ముందు మాంసం మీద వాలాయి, తరవాత మనసు మార్చుకుని ఆయన మీదికి వచ్చాయి. రూముల నుంచి వచ్చిన మనవాళ్ళంతా గోడ నీడన నిలబడి, ముక్కులు మూసుకోవాలో నవ్వులు మూసుకోవాలో తెలియక రెండు చేతులూ వాడుతున్నారు.

పదకొండు దాటాక ప్రభువు పెరట్లోకి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. గాలి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. అంత పెద్ద మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా ఊరి రేవు," అన్నాడు.

ఒక పక్క మాడి ఇంకో పక్క పచ్చిగా ఉన్న మాంసాన్ని మేనేజరు పళ్ళెంలో పట్టుకొచ్చాడు. ప్రభువు ఈసారి చెంచాతో రుచి చూసి ఊరుకోలేదు, మొత్తం తిన్నాడు. ప్లాస్టిక్ డబ్బాల సంచీ కుర్చీ కింద ఖాళీగా పడి ఉంది. ఫొటో తీశారు. ఫొటోకి వాసన రాదు, అదొక్కటే లోపం.

తినడం అయ్యాక ప్రభువు లేచి మేనేజరు భుజం మీద చెయ్యి వేసి, నా వైపు తిరిగాడు. "నా దేశం వదిలాక నాకు ఇంత మర్యాద ఎవరూ చెయ్యలేదు. వచ్చే శుక్రవారం కూడా ఈయనే చేస్తాడా?"

పొగ మింగి మేనేజరుకి దగ్గు తెర ఆగడం లేదు. నోట మాట రాక, ఎర్రబడ్డ కళ్ళతో నా వైపు చూసి, వద్దు, వద్దని చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు.

"ఒప్పుకుంటున్నారండీ," అన్నాను ప్రభువుతో. "వచ్చే వారమే కాదు, ప్రతి శుక్రవారం తనే చేస్తారట. ఇంకెవరినీ వంట దగ్గరికి రానివ్వరట."